పేదవాని యిల్లెక్కడ?

శాసనసభలో గృహనిర్మాణపు పద్దు చర్చకు వచ్చినప్పుడెల్ల ‘ఎన్ని లక్షల యిండ్లు’ అను లెక్కయే వినవచ్చును. ఆ యిండ్లెక్కడ అని యడుగువారు అరుదు. మా దృష్టిలో ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము.

బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యములో 1985 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ నిరుపేదలు కాలిబాటను కోరి పట్టలేదు. కూలి దొరకుచోట తలదాచుకొనుటకు వేఱు తావు లేక పట్టిరి. గుడిసె పోయిన పని పోవును, పని పోయిన కూడు పోవును. జీవనోపాధి జీవించు హక్కులో భాగమే యని న్యాయమూర్తు లంగీకరించిరి. అయినను గుడిసెల తొలగింపును నిషేధింపలేదు; వానకాలము గడచువఱకు ఆగుడని మాత్రము చెప్పిరి. కోర్టు సూత్రము నిచ్చినది. దానికి ఇటుకయు సున్నమును సమకూర్పవలసినవారు శాసనకర్తలు.

వారు సమకూర్చినదేమి? ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ముప్పది లక్షల కుటుంబములకు ఇండ్లస్థలముల పట్టాలిచ్చు కార్యము మొదలైనది. పేదస్త్రీ పేర పట్టా వ్రాయుటను మేము మనసార మెచ్చుకొందుము. కాని పల్లెలో సెంటున్నర, పట్టణమున ఒక్క సెంటు. అనగా 48 గజములు చిల్లర. భూవసతిగల మా పాఠకులు తమ పశువులకొట్టమును ఒకసారి కొలిచి చూతురుగాక! పైగా ఊరినడుమ భూమి ప్రియము గనుక పెక్కు లేఅవుట్లు ఊరిబయటి పొలములలో వెలసినవి.

తెలంగాణపు రెండు పడకగదుల యిండ్లు 560 చదరపుటడుగులవి, ఇంతకంటె గౌరవమైనవే. 2023 జూనులో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో అట్టివి 15,660 కలవు. అయితే కొల్లూరు హైదరాబాదు నడిబొడ్డున లేదు. అవుటరు రింగురోడ్డు చెంత నున్నది. పాతబస్తీలో నాలుగిండ్ల పాచిపని చేయు స్త్రీ అచ్చటినుండి తెల్లవాఱకముందే ఎట్లు చేరగలదు? 2023 డిసెంబరునుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితమైనది, మంచిదే. బస్సులో గడచు గంటలకు కూలి యిచ్చువారు లేరు.

ఊరిలోనే పేదలకు ఇండ్లు కట్టుట అసాధ్యమందురా? మూసీవరద వచ్చిన నాలుగేండ్లకు, 1912 లో, హైదరాబాదున ఏర్పడిన నగరాభివృద్ధి మండలి మురికివాడలను తొలగించి నగరములోనే స్వల్పపు అద్దెయిండ్లను కట్టినది. నైజాము పాలనను పొగడువారము కాము, మంచిపనిని కాదనజాలము.

దేశములోని పట్టణములలో సుమారు 1.88 కోట్ల యిండ్ల కొఱత కలదనియు, అందు నూటికి తొంబదియైదు పాళ్లు పేదలదేననియు 2012 లో కేంద్రప్రభుత్వపు నిపుణుల సంఘము తేల్చినది. 2011 జనాభా లెక్కలలోనో, పట్టణములలో ఖాళీగానున్న యిండ్లు 1.1 కోట్లు! కనుక కొఱత గోడలది కాదు. పేదవాడు ఇచ్చుకొనగల అద్దెది.

శాసనసభ్యులను మేము కోరునది స్వల్పము. పట్టణములోని సర్కారు భూమిని వేలము వేయకముందు అందొక భాగమును అద్దెయిండ్లకు విడువవలెను. పెద్ద ప్రైవేటు వెంచరులలోను పేదలకు వాటా నిర్ణయించి, ‘బదులుగా సొమ్ము చెల్లింతు’ మను సందు లేకుండ చట్టము చేయవలెను. ఇందుకు భూస్వాములు కొందఱు కనుబొమలు ముడుతురని యెఱుగుదుము. అయ్యా, మీ గజము ధర పెరిగినది మీ చెమటచేత కాదు. ప్రజాధనముతో వేసిన రోడ్డుచేత, కుళాయిచేత, ఈ కూలివారి రెక్కలచేత.

రాబోవు బడ్జెటు సమావేశమున ప్రతి గృహపథకపు పట్టికలోను ఇండ్ల సంఖ్య ప్రక్కన మఱియొక గడి చేర్చి, అచ్చటినుండి కూలిదొరకు చోటికి ఎన్ని మైళ్లో వ్రాయుడని మంత్రులను మన ప్రతినిధులు నిలదీయవలెను.