ఈపాస్: కాలేజీ ఫీజుకు వర్తిస్తుంది, కోచింగ్ ఫీజుకు కాదు
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తల్లిదండ్రులకు గమనిక. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, స్కాలర్‌షిప్‌కు తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి.

ఎవరికి: నగరంలో ఉండే బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకైతే ఏడాది ఆదాయం 2 లక్షల రూపాయల లోపు ఉండాలి.

ఏం కావాలి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు. ఈ పత్రాలకు మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు ఇస్తుంది.

జాగ్రత్త: హాజరు 75 శాతం ఉండాలి. ఏటా రెన్యువల్ చేయించాలి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రాదు. ప్రైవేటు కోచింగ్ సెంటర్లకు, షార్ట్‌టర్మ్ కంప్యూటర్ కోర్సులకు ఈ పథకం లేదు. "ముందు కట్టండి, తర్వాత ఈపాస్‌లో వచ్చేస్తుంది" అని అక్కడెవరైనా అంటే నమ్మి అప్పు చేయకండి. కాలేజీ పేరు, కోర్సు ఈపాస్‌లో ఉన్నాయో లేదో చూసుకున్నాకే పిల్లల్ని చేర్పించండి.