కాశీయాత్రచరిత్ర: పాదచారులకుఁ బఠనీయత

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను భాషావేత్తలు వ్యావహారికమునకు నిదర్శనముగాను, జరిత్రజ్ఞులు దేశస్థితికి సాక్ష్యముగాను బరిశీలించుచున్నారు. దూరపుదారులఁ గాలినడకఁ బోవువారికి సైత మది ముఖ్యముగాఁ జదువఁదగిన దని నా యభిప్రాయము.

ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18న బయలుదేఱి హైదరాబాదు, నాగపురముల మీఁదుగాఁ గాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచి, 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చిరి. ఆ దినచర్యను మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో ముద్రింపించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరలఁ బ్రకటించిరి.

క్షేత్రమాహాత్మ్యములు గమ్యమును వర్ణించును. ఈ గ్రంథము నడుమనున్న దారిని జెప్పును: మజిలీ యెన్నియామడలు, దారి యెట్టిది, నీ రెక్కడ, అంగళ్లు గలవా, దిగుటకుఁ జోటున్నదా? నేను వ్యాకరణము చదివిన క్రొత్తలో నీ వాక్యములను దాఁటవేసి, యపశబ్దములను గుర్తించుచుఁ గూర్చుంటిని. పిదప నొక శివరాత్రికి ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలనుల మీఁదుగా శ్రీశైలమునకు నడచితిని. వీరాస్వామయ్యగారు పోయిన యడవిదారియు నదియే. ప్రోలయ వేమారెడ్డి కట్టించె నని ప్రసిద్ధిఁ గన్న మెట్ల నెక్కునప్పుడు, నీరు దొరకుచోటు తెలుపు నొక్కవాక్యము విలువ నాకుఁ దెలిసినది. అపశబ్దము లచ్చట జ్ఞప్తికి రాలేదు.

అయిన నొక హెచ్చరిక. ఆయన పల్లకిలోఁ బోయిరి, నడచినవారు బోయీలు. కావున మజిలీదూరములు వారి కాళ్లకొలఁదివే గాని వ్రాసినవారివి కావు. ఆమడయు నన్నిచోట్ల నొక్కటి గాదు. దారులును మాఱినవి: ఆయన కృష్ణ దాఁటిన నివృత్తిసంగమము నేఁడు శ్రీశైలజలాశయమున మునిఁగి, నీరు తగ్గిననెలలలోనే పైకిఁ దేలును. అడవిలోనికి నేఁడు అటవీశాఖ యనుమతి వలయును. గ్రంథమును జేతఁ బట్టికొని దారి వెదకుటకంటె, బయలుదేఱుటకు ముం దొకమాఱు, తిరిగివచ్చి యొకమాఱు చదువుట మేలు.

పాఠశాలాపండితులకు నాదొక విన్నపము. కార్తికమున వీరుల తిరునాళ్లకుఁ గారంపూఁడికి నడచి వచ్చిన బాలురచేత, ఈ గ్రంథపు తీరున, తమ దారిని వ్రాయింపుచున్నాను: ఎంతదూరము, నీ రెక్కడ, నీడ యెక్కడ. మొన్న నొకఁడు నాగులేటి యొడ్డున నొకరేవుపేరు వ్రాసినాఁడు. ముప్పదియేండ్లుగా నీయూర నున్న నేను దాని నెన్నఁడును వినలేదు.