వ్యసనానికి వైద్యం ఊళ్లోనే అందాలి
2015 సెప్టెంబరులో నిజామాబాద్ జిల్లాలో కల్తీకల్లుకు అడ్డుకట్ట పడగానే వణుకుతో, ఫిట్లతో, పిచ్చిచూపులతో జనం ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దగ్గరా అదే దృశ్యం. కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందుకు అలవాటుపడ్డ మెదడు, అది హఠాత్తుగా ఆగితే తట్టుకోలేదు. ఈ వ్యసనం గుణలోపం కాదు, జబ్బు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది. తెలంగాణ సరిహద్దున, నాందేడ్ జిల్లా మాండవిలో ఉండే కూలీ, పని మానుకుని నగరానికి ఎన్నిసార్లు తిరగగలడు? అందుకే బీపీ, షుగర్‌లాగే వ్యసనాన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూడాలి.

వ్యసనానికి మందులిచ్చి, ఒక మత్తు మాన్పించి మరో మత్తు అంటగడతారా అని అడిగేవారున్నారు. వైద్యుడు కొలిచి ఇచ్చి, మెల్లగా తగ్గించే మందూ, కొలతే లేని కల్తీ మందూ ఒకటెలా అవుతాయి? అలాంటి మందే, నల్లమందు జాతి మత్తుల వ్యసనానికి చికిత్సగా వాడే బుప్రెనార్ఫిన్, 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉంది. అయితే ఫిట్లు వచ్చేవారిని పెద్దాసుపత్రికి పంపాల్సిందే. కల్లో మద్యమో ఆగి మీ ఇంట్లో ఎవరికైనా చేతులు వణుకుతుంటే తిట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.