మీకు తెలుసా? ఇంజిన్ లాగకపోతే ఇంట్లోనే కొంత కనిపెట్టొచ్చు

లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. అందుకే కారు ఫ్లైఓవర్ ఎక్కడానికే ఆయాసపడుతుంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి.

పొగనూ గమనించండి. నల్లగా వస్తే గాలికి మించి ఇంధనం పడుతోందని, నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లోకి దిగుతున్నట్టే అనుకుని బండి ఆపేయండి. చలికాలం ఉదయాన కాసేపు కనిపించే పల్చటి ఆవిరికి మాత్రం కంగారు అక్కర్లేదు.

పెట్రోలు ఇంజిన్ వణుకుతోందా? స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి చిన్న స్కానర్ తగిలించండి. పీ0301 అని చూపిస్తే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదని. కోడ్ చూడగానే కొత్త భాగాలు కొనేయడం డబ్బు దండగ. అది లక్షణాన్నే చెబుతుంది, కారణాన్ని కాదు. సిలిండర్‌కో ఇగ్నిషన్ కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ ఆపి చల్లారాక ఒకటో కాయిల్‌ను రెండోదాని చోట, రెండోదాన్ని ఒకటోదాని చోట పెట్టండి. కోడ్ చెరిపేసి మళ్లీ నడపండి. ఈసారి పీ0302 వచ్చిందంటే తప్పు ఆ కాయిల్‌దే. పీ0301 అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్ చూడాలి.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇంకా నడపొద్దు. మండని పెట్రోలు కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని మాడ్చేస్తుంది.