కాగితముపై తూర్పు దిక్కు

యెరూషలేమునకు పడమటి దేశములలోని యూదులు తూర్పుమొగమై ప్రార్థింతురు. అందుచే 19వ శతాబ్దమున పోలెండులోని సామాన్య యూదుల యిండ్లలో తూర్పు గోడకు ఒక కాగితపు చిత్రము వ్రేలాడుచుండెడిది. దానిని ‘మిజ్రాహ్’ అందురు. హీబ్రూ భాషలో తూర్పు అని యర్థము.

కాగితమును నడుమకు మడచి, చిన్న కత్తితో కోసి విప్పినచో, రెండు వైపులును ఒకదాని కొకటి ప్రతిబింబములగును. ఇందలి రూపములు అర్థవంతములు. సింహము బలమునకు, లేడి వేగమునకు చిహ్నములు. దైవకార్యమున నరునకు ఆ గుణము లుండవలెనని మిష్నా యను యూదుల ధర్మగ్రంథము బోధించును. ఏడు కొమ్మల దీపస్తంభము ధ్వంసమైన దేవాలయమును స్మరింపజేయును.

వెండి బంగారములు లేని యింటికి కాగితమే చాలినది. కాని 1939-45 నడుమ నాజీల మారణకాండలో ఆ జనులలో లక్షలమంది హతులైరి. వారి యిండ్లతోపాటు ఈ చిత్రములును పెక్కు నశించినవి. మిగిలినవానిని మనము కేవలము అలంకారములని యెంచరాదు. పేరైనను మిగులని వారు విడిచిపోయిన చేవ్రాళ్లవి.