ఫ్రీ రెయిన్ అంటే ఉచిత వర్షమా?



ఒకనాడు మా ఇంగ్లీషు మాస్టారు సెలవు పెట్టడంతో ఆయన పీరియడు నాకు పడింది. పాఠంలో ‘ఫ్రీ రెయిన్’ అనే మాట వచ్చింది. పదవ తరగతి కుర్రవాడొకడు దానికి తెలుగులో ‘ఉచిత వర్షం’ అని రాసి తెచ్చాడు. తరగతి అంతా గొల్లుమంది. వాడి ముఖం చిన్నబోయింది. “సరే, నవ్వినవాళ్ళు అర్థం చెప్పండి” అన్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి “పూర్తి స్వేచ్ఛ సార్” అంది. అది సగం జవాబే. మిగతా సగం నేను మరచిపోయినందువల్ల మా ప్రయోగశాలలో ఒక గాల్వనామీటరు పోయింది. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ఇంగ్లీషులో ‘రెయిన్’ అని పలికే మాటలు మూడున్నాయి. స్పెల్లింగులు మాత్రం వేరు. ఒకటి వాన, రెండవది రాజుగారి ఏలుబడి, మూడవది గుర్రపు పగ్గం. మనకు కావలసింది ఈ మూడవదే. రోడ్లమీద గుర్రాలు కనబడకుండా పోయాక ఇంగ్లీషువాళ్ళు కూడా ఇక్కడ తడబడుతున్నారు. పగ్గం రాయవలసిన చోట ఏలుబడి స్పెల్లింగు వాళ్ళ పత్రికలలోనే అచ్చవుతూ ఉంటుంది. కనుక మా కుర్రవాడు మరీ అంత సిగ్గుపడనక్కరలేదు.

ఇంతకీ పగ్గం ఎలా పనిచేస్తుంది? గుర్రం నోటిలో ముందు పళ్ళకూ, వెనుక దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెపు కడ్డీ ఆ ఖాళీలో చిగురుమీద ఆనుతుంది. దాని రెండు కొసలకూ పగ్గాలు కడతారు. నాలుగైదు వందల కిలోల జంతువు ఒక మనిషి చేతి లాగుడుకు లొంగుతున్నదంటే కారణం ఆ మనిషి బలం కాదు, ఆ చోటు అంత సున్నితమైనది కావడమే.

గుర్రం తల, మెడ కలిపి దాని బరువులో దాదాపు పదవ వంతు ఉంటాయి. తాడుమీద నడిచేవాడు చేతిలో పొడవాటి కర్ర పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. గుర్రానికి మెడ అలాంటి కర్రే. మెడను చాచినా, ఎత్తినా, పక్కకు వంచినా శరీరపు గరిమనాభి కొంచెం జరుగుతుంది, గుర్రం పడకుండా నిలదొక్కుకుంటుంది. రాళ్ళ దారిలోనో, నిటారైన గట్టు ఎక్కేటప్పుడో పగ్గం బిగించి పట్టుకుంటే మెడ కదలదు, కాలు తప్పుతుంది. తెలిసిన రౌతు అక్కడ పగ్గాన్ని వదులు చేస్తాడు. ఎక్కడ అడుగు వేయాలో గుర్రానికే బాగా తెలుసు కదా! అదే ‘ఫ్రీ రెయిన్’. ఇదే అర్థంలో ‘గివ్ హిమ్ హిజ్ హెడ్’ అనే మాట కూడా ఉంది. “వాడి తల వాడికియ్యి” అని అనువదించకండేం!

ఒక్క సంగతి గమనించండి. పగ్గం వదులైంది కాని, దాని కొస ఇంకా రౌతు చేతిలోనే ఉంది. అవసరమైతే మరుక్షణంలో బిగించగలడు. అమ్మాయి చెప్పిన జవాబులో లేని సగం ఇదే.

ఇప్పుడు గాల్వనామీటరు కథ. ఒక ఏడాది తొమ్మిదవ తరగతి పిల్లలకు సెల్సు, తీగలు, బల్బులు ఇచ్చి, “ఇవాళ మీకు ఫ్రీ రెయిన్” అని గొప్పగా ప్రకటించి, పేపర్లు దిద్దుకోవడానికి పక్క గదిలోకి పోయాను. తిరిగి వచ్చేసరికి మూడు సెల్సును, మధ్యలో ఏ నిరోధమూ లేకుండా, నేరుగా గాల్వనామీటరుకు తగిలించి ఉన్నారు. అతి కొద్దిపాటి కరెంటుకే కదలవలసిన సూది ఒక్క ఊపున చివరకు కొట్టుకుని వంగిపోయింది. పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు. వాళ్ళను తిట్టడానికి నోరు రాలేదు. పగ్గం వదులు చేశానని నేననుకున్నాను. నిజానికి నేలమీద పారేసి పోయాను.

అధికారాన్ని ఇంకొకరికి పూర్తిగా అప్పగించడానికి ఇంగ్లీషులో ‘పాస్ ది బేటన్’ అనే మాట ఉంది. ఇది రిలే పరుగునుంచి వచ్చింది. బేటన్ అంటే ముప్పై సెంటీమీటర్లకు మించని బోలు గొట్టం. నాలుగు వందల మీటర్ల పందెంలో, అంటే మనిషికి వంద మీటర్ల చొప్పున నలుగురు పరుగెత్తేదానిలో, మొదటివాడు సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో వస్తాడు. రెండవవాడు కదలకుండా నిలబడి ఉంటే గొట్టం అదే వేగంతో అతని చేతిని దాటిపోతుంది. అందుకని అతను ముందుగానే పరుగు మొదలుపెడతాడు. ఇద్దరి వేగాలూ సమానమైనప్పుడు సాపేక్ష వేగం సున్నా. అంటే ఒకరి దృష్టిలో మరొకరు నిలబడి ఉన్నట్లే! గొట్టం చేయి మారవలసింది అప్పుడే. అందుకోసం ఇచ్చే హద్దు ఇప్పుడు 30 మీటర్లు, అంటే దాదాపు మూడు సెకన్లు. రెండవవాడి పట్టు బిగిసేవరకు మొదటివాడు వదలకూడదు, బిగిశాక పట్టుకుని ఉండకూడదు. స్కేలు తీసుకుని మీ స్నేహితునితో ప్రయత్నించండి. ముందు నడుస్తూ, తరువాత పరుగెత్తుతూ.

ఉన్నదంతా ఏమీ మిగుల్చుకోకుండా ఇచ్చివేస్తే ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ ఇచ్చాడంటారు. లాక్ అనగానే తాళం అనుకుంటారు. కాదు, ఇవి పాతకాలపు తుపాకి భాగాలు. బ్యారెల్ ఇనుప గొట్టం, స్టాక్ చెక్క భాగం, లాక్ నిప్పు పుట్టించే యంత్రం. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కు పలకను కొట్టి రవ్వలు రాలుస్తుంది, ఆ రవ్వలు తుపాకి మందును అంటిస్తాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ మూడింటినీ వేర్వేరు పనివాళ్ళు చేసేవారు. మూడూ ఇస్తేనే తుపాకి ఇచ్చినట్లు.

మన భాషలోనూ పగ్గాలు అప్పగించడం ఉంది. అయితే నాకు నచ్చేది ‘ధారపోయడం’. పూర్వం దానమిచ్చేవారు పుచ్చుకునేవారి చేతిలో నీటిధార పోసేవారు. పాత దాన శాసనాలలో ‘ధారాపూర్వకంగా’ ఇచ్చినట్లు రాసి ఉంటుంది. పోసిన నీటిని వెనక్కు తీసుకోలేం కదా! రాని బాకీకి నీళ్ళు వదులుకోవడం కూడా మనకు తెలిసినదే.

ఇదంతా చెప్పి బోర్డు తుడుస్తుంటే, ఇందాకటి కుర్రవాడు చేయి ఎత్తాడు. “సార్, దానమంటే ఉచితం, ధార అంటే నీళ్ళు. నేను రాసిందానికి అర మార్కయినా రాదా?”

వేశాను.