పావు కిలో చికెన్‌.. రెండు గుప్పెళ్ల ఆకుకూర!

పరీక్ష తేదీ దగ్గరపడేకొద్దీ ముందుగా కోత పడేది తిండి మీదే. విజయవాడలో గది తీసుకుని గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నారా? మీ మధ్యాహ్న భోజనం బహుశా ఇలా ఉంటుంది: కుక్కర్‌ నిండా అన్నం, కర్రీ పాయింట్‌ నుంచి తెచ్చిన ఓ ప్యాకెట్‌, కాస్త పచ్చడి. కడుపు నిండుతుంది. గంట తిరక్కుండానే పుస్తకం మీద తల వాలిపోతుంది. కృష్ణా డెల్టాలో అన్నానికి లోటు లేదు. లోటల్లా పళ్లెంలో మిగతావాటికే.

ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ అవసరం. 60 కిలోలుంటే సుమారు 50 గ్రాములు. పావు కిలో బోన్‌లెస్‌ చికెన్‌లో దాదాపు అంతే ఉంటుంది. ఇద్దరు రూమ్మేట్లు పంచుకుంటే ఒక్క పూటలోనే చెరో సగం వచ్చేసినట్టు.

ఆకుకూర ఎందుకంటే.. అందులోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. మాంసం, నిమ్మరసం తోడైతే బాగా పడుతుంది. రక్తహీనత ఎక్కువగా కనిపించే అమ్మాయిలకు ఇది మరీ ముఖ్యం. తిన్న వెంటనే టీ తాగితే ఈ లాభం తగ్గుతుంది. గంటైనా ఆగండి.

ఇలా వండండి

రైతుబజారులో తోటకూర లేదా మునగాకు, ఒక క్యారెట్‌, గుప్పెడు బీన్స్‌, రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ తీసుకోండి. ముందు కూరగాయలు తరిగి పక్కన పెట్టాకే చికెన్‌ ముట్టుకోండి. పచ్చి చికెన్‌ కోసిన చాకు, పీట వెంటనే సబ్బుతో కడగాలి.

చికెన్‌కు నాలుగు చెంచాల పెరుగు, పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి 20 నిమిషాలు ఉంచండి. రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ వేయించి, చికెన్‌ వేసి రంగు మారేదాకా కలపండి. టమాటా, క్యారెట్‌, బీన్స్‌, అరగ్లాసు నీళ్లు చేర్చి మూత పెట్టి, సన్నని మంట మీద 15 నిమిషాలు ఉడికించండి. ముక్క లోపల గులాబీ రంగు కనిపించకూడదు. రెండు గుప్పెళ్ల ఆకుకూర, మిరియాల పొడి వేసి ఇంకో నాలుగు నిమిషాలు ఉంచండి. దించాక అరచెక్క నిమ్మరసం పిండండి. గోంగూర వేస్తే మాత్రం టమాటా, నిమ్మ అక్కర్లేదు, దాని పులుపే చాలు.

ఇవి మరవద్దు

* పళ్లెంలో ముందు కూర వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకోండి. అన్నం దానంతటదే తగ్గుతుంది.
* బెజవాడ ఎండలకు కూర త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌ లేకపోతే ఒక పూటకు సరిపడానే వండండి.
* పరీక్ష ముందురోజు కొత్త వంటకాలు వద్దు. అలవాటైనవే, కారం తగ్గించి తినండి.
* రోజూ చికెన్‌ కొనలేరా? కోడిగుడ్లు ఉన్నాయి. వరి కోతల తర్వాత మన డెల్టా చేలల్లో పండే పెసలు, మినుములు ఉన్నాయి. ఇదే కూరలో చికెన్‌కు బదులు నానబెట్టి ఉడికించిన పెసలు వేసుకోవచ్చు.

మొత్తం పని 45 నిమిషాలు. చికెన్‌ నానే 20 నిమిషాల్లో కరెంట్‌ అఫైర్స్‌ తిరగేయొచ్చు. వారంలో రెండు రోజులు టైంటేబుల్‌లో దీనికీ ఒక గడి కేటాయించండి. రేపు ఉద్యోగమొచ్చి ఏ ఊరెళ్లినా ఈ అలవాటు పనికొస్తుంది.